ఊరి ఫిడేలు – నగరపు కచేరీ

మాటలు లేని సంగీతాన్ని విమర్శకుడు ఎట్లా విచారించాలి? కావ్యమైతే వస్తువుంది, పాత్రలున్నాయి, కవి ఎవరి పక్షాన నిలిచాడో పంక్తి పంక్తికీ పట్టి చూడవచ్చు. పాటైతే కనీసం పల్లవి ఉంది. ఎనభై మంది వాద్యకారులు గంటన్నర సేపు ఒక్క మాటైనా పలక్కుండా వాయించి లేచిపోతే, ఆ కళలో సమాజం ఎక్కడుందని చూపించడం? ఈ ప్రశ్నకు మనలో రెండు సులభమైన సమాధానాలు చెలామణిలో ఉన్నాయి. అది శుద్ధ సంగీతం, దానికీ సమాజానికీ సంబంధం లేదు, విని ఆనందించడమే మన పని అన్నది ఒకటి. అది పాశ్చాత్య బూర్జువాల విలాసం, దానితో మనకు పని లేదన్నది రెండవది. మొదటి సమాధానం కళాకారుణ్ణి గాలిలో నిలబెడుతుంది. రెండవది వినకుండానే తీర్పు చెబుతుంది. రెండింటివల్లా జరిగేది ఒక్కటే: విచారణ ఆగిపోతుంది.

ఇటీవల కొందరు విద్యార్థులతో కలిసి స్కాండినేవియా వాద్యబృంద కచేరీ ఒకదాని ధ్వనిముద్రణ విన్నాను. మొదట నార్వే స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్ (1843–1907) కూర్చిన ‘పీర్ గింట్’ మొదటి సూట్. నడుమ డెన్మార్కుకు చెందిన కార్ల్ నీల్సన్ (1865–1931) ఫిడేలు కన్చెర్టో. చివర ఫిన్లాండు స్వరకర్త జాన్ సిబేలియస్ (1865–1957) ‘ఫిన్లాండియా’. ఫిన్లాండు స్కాండినేవియాలో చేరదని భూగోళ పండితులు అభ్యంతరం చెప్పవచ్చు. కచేరీలు ఏర్పాటు చేసేవారు ఆ సరిహద్దు పాటించరు. ఈ వ్యాసంలో నేనూ పాటించడం లేదు. విన్న తర్వాత ఒక విద్యార్థి, “బాగానే ఉంది మాస్టారూ, మరి ఇందులో ప్రజలెక్కడున్నారండీ?” అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. నేను సాహిత్యం పాఠం చెప్పుకునేవాణ్ణి గాని సంగీతశాస్త్రజ్ఞుణ్ణి కాను. అయినా సాహిత్యంలో వస్తువునూ శిల్పాన్నీ గురించి మనం నేర్చుకున్నది ఈ ప్రశ్నకు కొంతవరకు పనికివస్తుందని నా నమ్మకం.

నా వాదం ముందే చెబుతాను. జానపద బాణీ ఉన్నదా లేదా అన్నది సరైన గీటురాయి కాదు. స్వరకర్త రాజకీయాలు ఏమిటన్నదీ ఒక్కటే చాలదు. ఆ సంగీతం ఎవరి శ్రమనుంచి పుట్టిందో దాన్ని గుర్తుంచుకున్నదా, మరుగుపరచిందా; అందులో ఒక్కడికీ పదిమందికీ మధ్య ఎటువంటి సంబంధం ఏర్పడుతున్నది; చివరకు దాన్ని ఎవరు, ఏ పనికి వాడుకున్నారు? ఈ మూడు ప్రశ్నలూ వేసినప్పుడే మాటలు లేని సంగీతం మనకు సమాధానం చెబుతుంది.

గ్రీగ్‌తో మొదలుపెడదాం. నార్వే 1814 దాకా డెన్మార్కు రాజు ఏలుబడిలోనూ, ఆ తర్వాత 1905 దాకా స్వీడన్ రాజు కింద కూటమిలోనూ ఉన్న దేశం. చదువుకున్నవారు రాసే భాష డేనిష్. అటువంటి చోట జాతీయ సంస్కృతి అన్న ఆలోచన తలెత్తినప్పుడు పట్నపు విద్యావంతుల చూపు కొండలోయల్లోని రైతుల మీద పడింది. ఆ రైతుల సొత్తు హార్డంగర్ ఫిడేలు. మామూలు ఫిడేలుకుండే నాలుగు తీగలకు తోడు, వాటి అడుగున మరో నాలుగైదు తీగలుంటాయి. కమాను వాటిని తాకదు. పై తీగలు మోగినప్పుడు అవి తమంత తామే ప్రతిధ్వనిస్తాయి. మన దేశపు సారంగిలోనూ ఈ ఏర్పాటు ఉన్నది. పెళ్లిళ్లకూ ఊరి నాట్యాలకూ ఈ ఫిడేలే ఆధారం. మతోద్ధరణకు పూనుకున్న వారు దీన్ని సైతాను వాద్యమన్నారు. ఆ మాట నమ్మి తమ ఫిడేళ్లను తామే తగలబెట్టుకున్న వాద్యకారులూ ఉన్నారు.

టెలిమార్కు ప్రాంతంలో టోర్గెయిర్ ఔగుండ్‌సన్ (1801–1872) అనే వాద్యకారుడు ఉండేవాడు. తండ్రి పిండిమర నడిపేవాడు గనుక ఇతనికి ‘మిల్లర్‌గుట్టెన్’, అంటే మరవాడి కుర్రాడు, అన్న పేరే నిలిచింది. యూరప్ అంతటా పేరు మోసిన ఓలె బుల్ (1810–1880) అనే ఫిడేలు విద్వాంసుడు 1849లో ఇతణ్ణి క్రిస్టియానియాకు, అంటే నేటి ఓస్లోకు, పిలిపించి కచేరీ వేదిక ఎక్కించాడు. పట్నం మెచ్చుకుంది. కాని అతని చివరి రోజులు లేమిలోనే గడిచాయి. ఆ ఓలె బుల్‌ గారే 1858లో బెర్గెన్ వర్తక కుటుంబంలోని 15 ఏళ్ల గ్రీగ్‌ను చూసి, లైప్‌జిగ్ సంగీత విద్యాలయానికి పంపమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చాడు. ఇద్దరి ప్రతిభనూ గుర్తించినవాడు ఒక్కడే. ఒకరికి దొరికింది చప్పట్లు, మరొకరికి దొరికింది చదువు. తేడా ప్రతిభలో లేదు, పుట్టుకలో ఉన్నది.

ఐతే కథ అంతటితో ఆగలేదు. మిల్లర్‌గుట్టెన్ దగ్గర నేర్చుకున్నవారిలో క్నూట్ డాలె ఒకడు. తనతోపాటు ఈ బాణీలన్నీ మట్టిలో కలిసిపోతాయన్న బెంగతో, ఎవరిచేతనైనా రాయించమని ఆయన గ్రీగ్‌కు జాబులు రాశాడు. 1901లో యోహాన్ హాల్వర్‌సెన్ అనే ఫిడేలు విద్వాంసుడు డాలెను ఎదుట కూర్చోబెట్టుకుని, ఆయన వాయించినవాటిని స్వరలిపిలో రాసుకున్నాడు. వాటి ఆధారంగా గ్రీగ్ పియానోకు 17 నాట్యాలు కూర్చి 1903లో అచ్చు వేయించాడు. హాల్వర్‌సెన్ రాసిన ఫిడేలు మూలాన్ని కూడా దానితోపాటే వెలువరింపజేశాడు. ఇది చిన్న సంగతి కాదు. మూలం అందుబాటులో ఉన్నది గనుకనే రైతు వాయించినదేమిటో, స్వరకర్త కలిపినదేమిటో మనం ఈనాటికీ పోల్చి చూడగలుగుతున్నాం. జనం నోటినుంచి తీసుకుని, జనం పేరు చెప్పకుండా తమ సంపుటాల్లో వేసుకున్నవారు ఏ సాహిత్యంలోనూ తక్కువ కారు. అట్లాంటివారితో పోలిస్తే గ్రీగ్ నిజాయితీ మెచ్చదగినది. కాని ఆ నిజాయితీకి ముందు డాలె బెంగ ఉన్నదనీ, మొదట అడిగింది రైతేననీ మరవరాదు.

మరి కచేరీలో వినిపించిన ‘పీర్ గింట్’ సంగతేమిటి? ఇది హెన్రిక్ ఇబ్సెన్ 1867లో ప్రచురించిన పద్యనాటకం. గ్రీగ్ సంగీతంతో 1876లో క్రిస్టియానియాలో రంగస్థలం ఎక్కింది. 1888లో గ్రీగ్ ఆ సంగీతంలో నాలుగు ఖండాలు ఏరి సూట్‌గా కూర్చాడు. అందులో మొదటిది ‘ఉదయం’. పిల్లనగ్రోవీ ఓబో ఒకదానికొకటి బదులిచ్చుకుంటూ మొదలయ్యే ఆ స్వరాలు వింటే ఎవరికైనా నార్వే లోయల్లో పొద్దుపొడుపు కళ్లకు కడుతుంది. కాని నాటకంలో అది నాలుగో అంకానికి ముందు వచ్చే సంగీతం. తెర లేచేది మొరాకో సముద్రతీరంలో! అక్కడ నడివయసు పీర్ గింట్ అతిథులకు విందు చేస్తూ తాను కోటికి పడగలెత్తిన వైనం వర్ణిస్తాడు. ఆఫ్రికన్ బానిసలను అమెరికాకు ఎగుమతి చేశాడు. విగ్రహాలను చైనాకు ఎగుమతి చేశాడు. విగ్రహాలు పంపిన పాపం పోవడానికి వాటి వెనకే మతబోధకులనూ పంపాడు. పుణ్యం, పాపం సరిపోయాయి, లాభం మిగిలింది. ఇంత పదునైన వ్యంగ్యం సూట్‌లోకి వచ్చేసరికి కరిగిపోయి, సుఖంగా కూర్చున్న శ్రోతకు ప్రకృతి దృశ్యమై మిగిలింది. స్వరం ఒక్కటీ మారలేదు. సందర్భం పోయింది, దానితో అర్థమూ పోయింది.

సూట్‌లోని చివరి ఖండం ‘కొండరాజు కొలువులో’ ఇంకా విచిత్రం. మంద్రంగా మొదలై, అదే చిన్న బాణీ తిరిగి తిరిగి, వేగం పెరిగి, పిచ్చెత్తినట్టు ముగుస్తుంది. సభల్లో దీనికి వచ్చినన్ని చప్పట్లు మరి దేనికీ రావు. నాటకంలో ఈ కొలువు ట్రోల్ అనే రాక్షసజాతిది. మేము మాకు చాలు, బయటి లోకంతో మాకు పని లేదన్నది వారి ధర్మం. ఇది సంకుచిత జాతీయతమీద ఇబ్సెన్ వేసిన చురక. ఈ ఖండంలో నార్వేతనం పేడకంపు కొడుతున్నదనీ, దీన్ని తానే వినలేననీ గ్రీగ్ ఒక మిత్రుడికి రాసిన జాబులో ఒప్పుకున్నాడు. ఇప్పుడు చెప్పండి: జానపద ముద్ర ఉంటే చాలు అభ్యుదయమే అనేవారు ఈ కొండరాజును ఏ వరుసలో కూర్చోబెడతారు? ముద్ర పుష్కలంగా ఉన్నది. కాని ఇబ్సెన్ వెక్కిరించింది సరిగ్గా ఆ ముద్రనే! ఫ్రాన్సులో డ్రైఫస్ అనే యూదు సైనికాధికారికి జరిగిన అన్యాయానికి నిరసనగా 1899లో పారిస్ ఆహ్వానాన్ని తిరస్కరించినవాడు గ్రీగ్. 1903లో అక్కడికి వెళ్లినప్పుడు అందుకు ప్రతిఫలంగా ఈలలూ కేకలూ భరించాడు. సొంత దేశాన్ని ప్రేమించడానికీ ట్రోల్ కావడానికీ మధ్య తేడా ఆయనకు తెలుసు.

ఇక కచేరీకి కేంద్రమైన ఫిడేలు కన్చెర్టో. తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉంటుంది. ఫిడేలు మనకు కొత్త కాదు. ఆంగ్లేయుల ద్వారా మద్రాసు చేరి, బాలుస్వామి దీక్షితులు వంటివారి చేతుల్లో కర్ణాటక సంగీతానికి అలవడింది. కాని చాలాకాలం దాని స్థానం పక్కవాద్యానిది. గాయకుడి వెంట నీడలా నడవడమే దాని ధర్మం. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి (1893–1964) వంటి మహావిద్వాంసుల కృషివల్లనే అది తనంత తాను కచేరీ చేయగల వాద్యంగా నిలబడింది. కన్చెర్టోలో ఏర్పాటు వేరు. ఒక వంక వాద్యబృందం మొత్తం, మరొక వంక ఒంటి ఫిడేలు. బృందంలో అందరూ ఒకే రాగం వెంట నడవరు. వేరువేరు గొంతులు ఏకకాలంలో వేరువేరు మాటలు చెబుతాయి. వాటితో ఒంటి ఫిడేలు పోటీ పడుతుంది, వాదిస్తుంది, కలుస్తుంది. 19వ శతాబ్దపు యూరప్‌లో ఈ రూపం వీరుడి రూపంగా స్థిరపడింది. వేలి విన్యాసంతో సభను మూర్ఛపోగొట్టే విద్వాంసుడు నడుమ నిలబడతాడు. ఎనభై మంది అతనికి పల్లకీ మోస్తారు. గోడపత్రంమీద పెద్ద అక్షరాలు అతని పేరువి. ఎనభై మందికీ కలిపి ఒక్క సంస్థ పేరు. వ్యక్తివాద కళకు ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలని మనవారు కొందరంటారు. మామూలు కన్చెర్టోల విషయంలో వారి మాట కొట్టిపారేయదగింది కాదు.

నీల్సన్ ఈ రూపాన్ని చేతిలోకి తీసుకుని ఏంచేశాడన్నదే ముఖ్యం. ఆయన ఫ్యున్ ద్వీపంలోని నోరె లిండెల్సె గ్రామంలో 12 మంది పిల్లల్లో ఏడవవాడుగా పుట్టాడు. తండ్రి ఇళ్లకు రంగులు వేసే కూలి. ఊళ్లో పెళ్లీ పేరంటం వచ్చినప్పుడు ఫిడేలూ కోర్నెట్ బాకా వాయించేవాడు. కుర్రవాడు బాతులు కాశాడు, తండ్రి పక్కన నిలబడి నాట్యాలకు ఫిడేలు వాయించాడు, 14వ ఏట ఒడెన్సె పట్నంలో సైనిక బాజా బృందంలో చేరాడు. 1884లో కోపెన్‌హాగెన్ సంగీత విద్యాలయంలో ప్రవేశం దొరికింది. 1889నుంచి 1905 దాకా రాజాస్థాన వాద్యబృందంలో రెండవ ఫిడేళ్ల వరుసలో కూర్చుని జీతానికి వాయించాడు. 1894లో ఆయన మొదటి సింఫొనీని ఆ బృందం తొలిసారి వాయించినప్పుడు కూడా ఆయన ఆ వరుసలోనే ఉన్నాడు. చప్పట్లు మోగినప్పుడు రెండవ ఫిడేళ్ల మధ్యనుంచి లేచి నమస్కరించవలసి వచ్చింది. వీరుడి పల్లకీని ఏళ్లతరబడి మోసిన భుజం ఆయనది. ఆ బరువు ఎంతో పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు.

ఈ కన్చెర్టో రచన 1911 వేసవిలో నార్వేలో మొదలైంది. గ్రీగ్ మరణించిన నాలుగేళ్లకు ఆయన భార్య నీనా గ్రీగ్ నీల్సన్‌ను ట్రోల్‌హౌగెన్‌లోని తమ ఇంటికి ఆహ్వానించింది. సరస్సు ఒడ్డున గ్రీగ్ రాసుకునే చిన్న పాకలో కూర్చుని నీల్సన్ ఈ పనికి పూనుకున్నాడు. 1912 ఫిబ్రవరి 28న కోపెన్‌హాగెన్‌లో పేడర్ మొల్లర్ ఫిడేలు వాయించగా, నీల్సన్ స్వయంగా బృందాన్ని నడిపాడు.

రచన ఆరంభం వినండి. బృందం గట్టిగా ఒక్క దెబ్బ వేసి తప్పుకుంటుంది. ఒంటి ఫిడేలు దీర్ఘమైన ఆలాపం వంటి విన్యాసంతో ప్రవేశిస్తుంది. సాక్షాత్తు వీరుడే వచ్చి నిలబడ్డాడనుకుంటాం. ఆ వెనక వచ్చే వేగఖండానికి నీల్సన్ పెట్టిన సూచన కూడా అశ్వవీరుల ఠీవిని తలపించేదే. కాని రెండవ భాగం మెల్లగా, లోచూపుతో సాగి, చివరి ఖండమైన రోండోలోకి వచ్చేసరికి పరిస్థితి మారిపోతుంది. అది చిరునవ్వుతో, కొంచెం కొంటెగా నడిచే నాట్యం. మధ్యలో ఒకసారి ఫిడేలు మళ్లీ ఒంటరిగా విజృంభించినా, తిరిగి ఆ నడకలోనే కలుస్తుంది. మిరుమిట్లు గొలిపేదాన్నీ, అబ్బురపరచేదాన్నీ ఈ ఖండం వదులుకుంటుందని నీల్సన్ స్వయంగా వివరించాడు. సాధారణంగా కన్చెర్టో చివరి ఖండం విద్వాంసుడికి పట్టాభిషేకం. ఇక్కడ ఆ కిరీటం తీసి పక్కన పెట్టారు. మొదట ఒంటరిగా, రాజులా వచ్చినవాడు చివరకు నలుగురు అడుగులు వేయడానికి వాయించే ఊరి ఫిడేలువాడుగా మిగులుతాడు. నాట్యానికి వాయించేవాడు తన గొప్ప చూపించబోతే ఆడేవారి కాలు తప్పుతుంది. ఆ క్రమశిక్షణ నీల్సన్‌కు తండ్రి పక్కన అబ్బినదే. ఇందులో ఏ జానపద బాణీనీ ఎత్తి అతికించలేదు. అయినా ప్రజలున్నారు, బాణీలో కాదు, ఒక్కడూ పదిమందీ నిలబడే తీరులో ఉన్నారు. ఇదే నేను చెప్పదలచిన ముఖ్య విషయం. సంగీతంలో నిర్మాణమే వస్తువు.

నీల్సన్ ఇదంతా యాదృచ్ఛికంగా చేశాడని శంకించేవారు ఆయన పాటలు చూడవచ్చు. 1907లో యెప్పె ఓకియర్ కవి గేయానికి ఆయన కట్టిన వరస డెన్మార్కు అంతటా పాకింది. అందులో నాయకుడు రోడ్డుకు కంకర కొట్టే కూలి. బతుకంతా ఇతరుల బాటకోసం రాళ్లు పగలగొట్టినవాడికి, చచ్చిన తర్వాత సమాధిమీద ఒక రాయి దక్కలేదు. పుచ్చిన చెక్క ముక్క దక్కింది. ఆ తర్వాత 1922లో వెలువడిన జానపద ఉన్నత పాఠశాలల పాటల పుస్తకానికి స్వరాలు సమకూర్చిన నలుగురిలో నీల్సన్ ఒకడు. రైతు యువకులకోసం 1844లో మొదలైన పాఠశాలల ఉద్యమం అది. సింఫొనీలు రాసిన చెయ్యే ఎవరైనా పాడుకోగలిగిన సులభమైన పాటలూ కట్టింది. ఆ పనిని చిన్నతనంగా భావించలేదు.

ఐతే ఒక పరిమితిని దాచరాదు. రోండోలో వీరుడు కిరీటం దించినంత మాత్రాన సభలో అంతస్తులు మాయం కావు. గోడపత్రంమీద అక్షరాల పరిమాణం మారదు, టిక్కెట్టు ధర తగ్గదు. కళ సంబంధాలను ఊహించి చూపగలదు గాని వాటిని మార్చే పని మనుషులది.

చివరి రచన ‘ఫిన్లాండియా’ మన ముందు మరింత చిక్కైన ప్రశ్న పెడుతుంది. రష్యా జార్ రెండవ నికొలస్ 1899 ఫిబ్రవరి ప్రకటనతో ఫిన్లాండు స్వపరిపాలనను హరించబూనాడు. ఐదు లక్షలకు పైగా జనం సంతకాలతో మహజరు పంపితే, తెచ్చిన ప్రతినిధులను చూడటానికైనా జార్ అంగీకరించలేదు. పత్రికలమీద నిర్బంధం బిగిసింది. ఆ నవంబరులో హెల్సింకిలో పత్రికారచయితల పింఛను నిధి పేరుతో ఉత్సవం జరిగింది. పేరు నిధిది, ఉద్దేశం ప్రతిఘటన. దేశచరిత్రను దృశ్యాలుగా ప్రదర్శించారు. పాఠశాలా ఆవిరి రైలింజనూ కనిపించే చివరి దృశ్యానికి సిబేలియస్ కూర్చిన సంగీతమే తర్వాత ‘ఫిన్లాండియా’ అయింది. మాట లేకపోవడమే దానికి రక్షణ అయింది. వ్యాసాన్ని కత్తిరించవచ్చు, బాకాల గర్జనలో ఏ స్వరం కత్తిరిస్తారు?

ఇంతవరకూ మనకు ఇంపుగానే ఉన్నది. కాని 1918లో ఫిన్లాండు శ్రామికులు ఒక వైపూ, సంపన్న వర్గాలు మరొక వైపూ నిలిచి అంతర్యుద్ధం జరిగినప్పుడు సిబేలియస్ శ్వేతపక్షం మనిషి. ఆ పక్షాన పోరిన యేగర్ దళానికి 1917లోనే కవాతు గీతం కూర్చిపెట్టాడు. ఓడిన ఎర్రపక్షంవారు వేలాదిగా నిర్బంధ శిబిరాల్లో చనిపోయారు. కాబట్టి ‘ఫిన్లాండియా’ను వెలివేద్దామా? బాల్జాక్ రాజరికవాదియైనా ఆయన నవలల్లోని వాస్తవికతను ఎంగెల్స్ గుర్తించాడని మనం తరగతి గదుల్లో చెబుతూనే ఉన్నాం. నవలకు ఒక న్యాయం, సంగీతానికి మరొక న్యాయం ఉండరాదు. అట్లాగని 1918ని చాటుచేసి సిబేలియస్‌ను మచ్చలేని జాతీయ వీరుణ్ణి చేయడం కూడా అబద్ధమే. రచన 1899నాటి జనం పక్షాన నిలిచింది. రచయిత 1918లో జనంలో సగం మందికి ఎదురు నిలిచాడు. రెండూ నిజాలే. రెండూ చెప్పినప్పుడే అది విమర్శ అవుతుంది. రచన బతుకు రచయితతో ముగియదనడానికి మరో సాక్ష్యం: 1967నుంచి 1970 దాకా నైజీరియానుంచి విడివడి నిలబడటానికి పోరాడిన బియాఫ్రా ప్రజలు తమ జాతీయగీతానికి ‘ఫిన్లాండియా’లోని ప్రార్థన వంటి బాణీనే ఎన్నుకున్నారు. మంచుదేశపు స్వరం ఆఫ్రికా గొంతులో పలికింది. శుద్ధ సంగీతవాదులు దీనికేం సమాధానం చెబుతారో!

ఈ విచారణవల్ల మనకేం ప్రయోజనమని అడగవచ్చు. ప్రయోజనం ఉన్నది. మనం జంగంకథను బుర్రకథగా మలచి 1940లలో రాజకీయ వేదికమీదికి తెచ్చాం. అందులో ఏ వస్తువు పోశామో పుటలకు పుటలు రాసుకున్నాం. ఆ కళను తరతరాలుగా కడుపుకూటికి నమ్ముకున్న కులాలవారి గతి తర్వాత ఏమైందో, వారి పేర్లలో ఎన్ని మన వ్యాసాలకెక్కాయో, కథకుడికీ వంతలకూ మధ్య సంబంధాన్ని మన రచనలు ఎట్లా మార్చాయో అంత శ్రద్ధగా విచారించామా? క్నూట్ డాలె వంటివారు మనకూ ఉన్నారు. వారు జాబు రాసేదాకా ఆగనక్కరలేదు. స్వరలిపీ ధ్వనిముద్రణ యంత్రమూ పట్టుకుని మనమే వారి గుమ్మంలోకి వెళ్లవచ్చు. వెళ్లి, విన్నది వారి పేరుతోనే అచ్చు వేయవచ్చు. విశ్వవిద్యాలయాల్లోని తెలుగు శాఖలు పూనుకోవలసిన మొదటి పని ఇదని నా అభిప్రాయం.